మే సోట్: ఇది యూజర్ ఎర్రర్ కాదు బాబులూ

2025 నవంబర్ 6న 270 మంది, 10న ఇంకో 197 మంది. థాయిలాండ్ లో మే సోట్ అనే ఊరి నుంచి మన వాయుసేన విమానాల్లో ఇంటికొచ్చిన వాళ్ళ లెక్క ఇది. అదే ఏడాది మార్చిలో కూడా ఇలాగే రెండు విడతల్లో 549 మంది వచ్చారు. రెండు సార్లూ వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. ఉద్యోగమని నమ్మి బ్యాంకాక్ విమానం ఎక్కి, రాత్రికి రాత్రి నది దాటి బర్మాలో తేలి, అక్కడ సైబర్ మోసాల కంపెనీల్లో బందీలుగా పనిచేసి బయటపడ్డవాళ్ళు.

మా ఆఫీసు క్యాంటీన్ లో ఈ వార్త ఆయుష్షు సరిగ్గా ఒక టీ. "బీటెక్ చదివి ఆ మాత్రం తెలీదా?" అన్నాడొకడు. "నెలకి లక్ష అనగానే ఎగేసుకుంటూ పోవడమే" అన్నాడింకొకడు. "పైగా అక్కడ కూర్చుని జనాల్ని ముంచారుగా, అనుభవించనీ" అని మూడోవాడు. మూడు వాక్యాలు, కేసు క్లోజ్.

ప్రొడక్షన్ లో ఏదైనా పగలగానే లాగ్స్ చూడకుండా, ఎవర్నీ అడక్కుండా "యూజర్ ఎర్రర్" అని రాసి టికెట్ మూసేసే మహానుభావుల్ని మనమందరం చూసాం. చూసి తిట్టుకున్నాం కూడా. మరి సొంత జిల్లాల కుర్రాళ్ళు వందల్లో ఒకే ఊరి గుండా ఒకే నరకంలో పడుతుంటే మనం చేసిన రూట్ కాజ్ ఎనాలిసిస్ ఇదా? ఒకడు పడితే వాడి తప్పు అనుకోవచ్చు. అన్ని దేశాల వాళ్ళూ, ఏళ్ళ తరబడి, ఒకే చోట పడుతున్నారంటే అక్కడ గొయ్యి ఉన్నట్టు. ఎవడో తవ్వినట్టు. ఆ గొయ్యి పేరు యుద్ధం. ఈ మాట చెప్పడానికే ఇదంతా.

ముందు ఊరి సంగతి. బ్యాంకాక్ నుంచి వాయవ్యంగా ఓ ఐదొందల కిలోమీటర్లు పోతే తాక్ అనే ప్రావిన్స్ పడమటి అంచున, కొండలు దిగాక వస్తుంది మే సోట్. ఊరి చివర మోయి నది. నది అంటే మన గోదావరిని ఊహించుకోకండి, ఎండాకాలంలో చాలా చోట్ల నడిచి దాటెయ్యొచ్చు. అవతలి ఒడ్డు బర్మా. అక్కడ కరెన్ రాష్ట్రంలో మ్యావడి అనే ఊరు. మధ్యలో రెండు వంతెనలు, ఒకటి 1997 లో తెరిచారు, రెండోది 2019 లో. రెండింటి పేరూ స్నేహ వంతెనే (నవ్వొస్తే నవ్వుకోండి). మణిపూర్ లోని మోరే నుంచి బర్మా మీదుగా థాయిలాండ్ కి 1360 కిలోమీటర్ల రోడ్డు వేద్దామని 2002 లో మూడు దేశాలూ అనుకున్నాయి. ఆ రోడ్డుకి అటు కొస ఈ మే సోటే. ఇరవై ఏళ్ళు దాటినా రోడ్డు పూర్తి కాలేదు. మన కుర్రాళ్ళు మాత్రం వేరే దారిలో చేరిపోయారు.

బర్మాకి 1948 జనవరిలో స్వాతంత్ర్యం వచ్చింది. 1949 జనవరిలో కరెన్ వాళ్ళ తిరుగుబాటు మొదలయ్యింది. అంటే మన రాజ్యాంగం కన్నా ఆ యుద్ధం వయసు ఒక ఏడాది ఎక్కువ. 1984 నుంచి అటు వైపు జనం మూటా ముల్లే సర్దుకుని నది దాటి ఇటే ఉండిపోవడం మొదలుపెట్టారు. మే సోట్ కి ఉత్తరాన మే లా అని పెద్ద శరణార్థి శిబిరం ఉంది. అక్కడే పుట్టి, అక్కడే బడికెళ్ళి, అక్కడే పెళ్ళాడి, పిల్లల్ని కన్నవాళ్ళు ఉన్నారు. సరిహద్దు పొడుగునా ఇలాంటి శిబిరాలు తొమ్మిది, మొత్తం మీద సుమారు లక్ష మంది. 1988 లో రంగూన్ లో విద్యార్థుల ఉద్యమాన్ని సైన్యం కాల్చి అణిచేస్తే పారిపోయి వచ్చిన వాళ్ళలో సింథియా మాంగ్ అనే యువ డాక్టరమ్మ ఉంది. 1989 లో మే సోట్ లో ఒక చిన్న ఆస్పత్రి పెట్టింది. మే తావ్ క్లినిక్ అంటారు. ఆవిడకి 2002 లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2000 లో ఇదే ఊళ్ళో బర్మా మాజీ రాజకీయ ఖైదీలు ఒక సంఘం పెట్టుకున్నారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాక్కున్నాక ఎవరెవరు చనిపోయారు, ఎవరెవరు జైల్లో ఉన్నారు అని ప్రపంచంలో పత్రికలన్నీ చెప్పే లెక్క వాళ్ళు రాసిందే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన వార్తల్లో మే సోట్ అంటే "స్కాం సిటీకి గేటు" అంతే. ఆ ఊళ్ళో డాక్టర్లున్నారు, ఉద్యోగం వదిలేసి సైన్యం కింద పనిచెయ్యమని వచ్చేసిన టీచర్లున్నారు, గుడిసె బళ్ళున్నాయి, యుద్ధంలో కాళ్ళు పోయిన వాళ్ళకి కృత్రిమ కాళ్ళు తయారు చేసే షెడ్డు ఉంది. కాయితాలు లేని బర్మా వాళ్ళు అరెస్టు కాకుండా ఉండడానికి నెల నెలా మామూళ్ళు కట్టుకునే ఊరు కూడా అదే. ఒకటే ఊరు, ఒకటే యుద్ధం. ఆ యుద్ధం ఒకళ్ళని శరణార్థుల్ని చేసింది, ఇంకొకళ్ళని కోటీశ్వరుల్ని.

కోటీశ్వరులంటే గుర్తొచ్చింది, మే సోట్ లో కుట్టు ఫ్యాక్టరీలు బోలెడు. పనివాళ్ళు ఎక్కువ మంది బర్మా వాళ్ళే. వెనక్కి వెళ్తే తుపాకీ, ఇక్కడ ఎదురు తిరిగితే పోలీసు. అలాంటి వాడికి ఎంత కూలి ఇవ్వక్కర్లేదో మీరే లెక్కేసుకోండి. ఇక్కడి ఒక ఫ్యాక్టరీలో టెస్కో వాళ్ళ జీన్స్ కుట్టిన 130 మంది, రోజుల తరబడి విరామం లేకుండా కనీస కూలికన్నా తక్కువకి పనిచేయించారని 2022 లో బ్రిటన్ లో దావా వేసారు. నా లెక్కలో ఆ కుట్టు షెడ్డూ, నది అవతల కంప్యూటర్ షెడ్డూ దూరపు బంధువులు. రెండింటికీ కావలసిన ముడిసరుకు ఒకటే: ఎక్కడికీ పోలేని మనిషి.

ఇప్పుడు నది అవతలికి వద్దాం. 1994 డిసెంబర్ లో కరెన్ తిరుగుబాటుదారుల్లో ఒక ముక్క చీలి సైన్యం వైపు వెళ్ళింది. నెల తిరక్కుండా 1995 జనవరిలో తిరుగుబాటు రాజధాని మనెర్‌ప్లావ్ కూలిపోయింది. చీలిపోయిన వాళ్ళకి సైన్యం జీతాలేం ఇవ్వలేదు, సరిహద్దు ఇచ్చింది. ఇది నీ ముక్క, కలప కొట్టుకో, టోల్ వసూలు చేసుకో, జూదం నడుపుకో, మా జోలికి రాకు అన్నమాట. 2010 లో వాళ్ళలో ఎక్కువ మందికి "సరిహద్దు రక్షణ దళం" అని అధికారిక బోర్డు కూడా తగిలించారు. దాని నాయకుడు సా చిట్ తు. 2017 లో ఆయన పక్కన ఒక చైనా వ్యాపారి చేరి మ్యావడికి ఉత్తరాన ష్వే కొక్కో అనే పల్లెలో ఏకంగా ఒక నగరం కడతామన్నాడు. ఆ వ్యాపారిని 2022 లో బ్యాంకాక్ లో పట్టుకున్నారు, 2025 నవంబర్ లో చైనాకి అప్పగించారు. నగరం మాత్రం కట్టేసారు. మ్యావడికి దక్షిణాన కే.కే. పార్క్ అని ఇంకోటి లేచింది. మొదట్లో క్యాసినోలన్నారు. కోవిడ్ తో జూదగాళ్ళు రావడం ఆగిపోయింది. భవనాలున్నాయి, కాపలా ఉంది, ఇంటర్నెట్ ఉంది. కస్టమర్ ఇక్కడికి రాకపోతే మనమే వాడి ఫోన్లోకి వెళ్దాం అనుకున్నారు. వాళ్ళ బిజినెస్ మోడల్ మొత్తం ఇదే.

దీన్ని "సైబర్ నేరం" అని పిలవడం నాకు అస్సలు నచ్చదు. సైబర్ నేరం అంటే ఎవడో చీకటి గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నట్టు ఉంటుంది. ఇది ఒక సైనిక దళం అద్దెకిచ్చిన భూమిలో, తుపాకుల కాపలాలో, గోడల మీద ముళ్ళ తీగతో నడిచే పరిశ్రమ. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో వేసిన అంచనా ప్రకారం ఒక్క బర్మాలోనే కనీసం 1,20,000 మంది ఇలా బలవంతంగా పనిచేస్తుండొచ్చు. మా హైటెక్ సిటీలో పెద్ద కంపెనీలకి కూడా ఒక్కో క్యాంపస్ లో అంతమంది ఉండరు.

యుద్ధానికీ దీనికీ ఉన్న ముడి ఎవరికైనా అనుమానంగా ఉంటే 2024 ఏప్రిల్ చూడండి. కరెన్ తిరుగుబాటు సైన్యం, 2021 తరవాత ఆయుధం పట్టిన కుర్రాళ్ళతో కలిసి మ్యావడి మీద పడింది. ఏప్రిల్ 11న ఊళ్ళో సైన్యం ఆఖరి స్థావరం, 275వ బెటాలియన్, వాళ్ళ చేతికొచ్చింది. పారిపోయిన సైనికులు వంతెన కింద నక్కారు. ఆ వారాల్లో వేల మంది మామూలు జనం పిల్లల్నెత్తుకుని నది దాటి మే సోట్ వైపు వచ్చారు. సరిహద్దు దళం నాయకుడేమో అంతకు ముందు నెలలోనే పేరు మార్చుకుని "మేం కరెన్ జాతీయ సైన్యం, మాకూ సైన్యానికీ సంబంధం లేదు" అని దూరంగా జరిగాడు. సరిగ్గా రెండు వారాలు. ఏప్రిల్ నెలాఖరుకి ఆయన మనుషుల సాయంతోనే సైన్యం మళ్ళీ ఊళ్ళో జెండా ఎగరేసింది. తిరుగుబాటు వాళ్ళు వెనక్కి తగ్గారు. ఎవడు గెలిచినా నా కాంపౌండ్లకి కరెంటు పోకూడదు అనేది ఆయన ఏకైక సిద్ధాంతం. అమెరికా 2025 మే నెలలో ఆయన మీద, ఇద్దరు కొడుకుల మీద ఆంక్షలు పెట్టింది. బ్రిటన్ అంతకు ముందే, 2023 లో పెట్టింది.

కరెంటు అన్నాను కదా. అదే అసలు కథ. ఆ కాంపౌండ్లకి కరెంటు ఎక్కడిది? బర్మా గ్రిడ్ సంగతి తెలిసిన వాళ్ళు నవ్వుతారు. కరెంటు థాయిలాండ్ ది. డీజిల్ థాయిలాండ్ ది. చాలా కాలం ఇంటర్నెట్ కూడా అటు నుంచే. 2025 జనవరిలో వాంగ్ షింగ్ అనే చైనా నటుణ్ణి షూటింగ్ అని పిలిచి మే సోట్ దగ్గర నది దాటించేసారు. చైనాలో గగ్గోలు పుట్టింది, థాయిలాండ్ కి టూరిస్టులు రావడం తగ్గుతుందనే భయం పట్టుకుంది. ఫిబ్రవరి 5న థాయ్ ప్రభుత్వం బర్మా వైపు ఐదు చోట్లకి కరెంటు, ఇంధనం, ఇంటర్నెట్ ఆపేసింది. తరవాత కొద్ది వారాల్లోనే 7,000 మందికి పైగా బయటికొచ్చారు. మార్చిలో మన వాళ్ళు 549 మంది విమానం ఎక్కింది అందుకే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఏళ్ళ తరబడి ఎవరికీ కనబడని స్విచ్ ఒక సినిమా నటుడు మాయమవగానే నెల రోజుల్లో దొరికింది! అంతకు ముందు మాయమైన ఫిలిప్పీన్స్ పిల్లలకీ, కెన్యా, ఇథియోపియా వాళ్ళకీ, మన వాళ్ళకీ ఆ స్విచ్ లేదు. వాళ్ళ తల్లిదండ్రులు చూస్తే టూరిస్టులు భయపడరు మరి.

స్విచ్ ఆపితే ఆగిపోయిందా అంటే, లేదు. జనరేటర్లు తెచ్చుకున్నారు, పైకప్పుల మీద స్టార్‌లింక్ డిష్షులు మొలిచాయి. 2025 అక్టోబర్ లో ఆ కంపెనీయే బర్మా మోసాల కేంద్రాల దగ్గర 2,500 కి పైగా కిట్లు ఆపేసామని ప్రకటించింది. రెండువేల ఐదొందలు! ఒక్కో డిష్షు ఎక్కడుందో ఆ కంపెనీకి తెలీదా? లొకేషన్ తెలీకుండా ఉపగ్రహం సిగ్నల్ ఎలా ఇస్తుందో నెట్‌వర్కింగ్ చదివిన వాళ్ళు ఎవరైనా నాకు చెప్పండి, నేర్చుకుంటాను. అదే అక్టోబర్ లో బర్మా సైన్యం, ఎన్నికల ముందు మంచి పేరు కోసం, కే.కే. పార్క్ మీద దాడి చేసింది. 1,500 మందికి పైగా నది దాటి మే సోట్ లో పడ్డారు. నవంబర్ విమానాలు వాళ్ళ కోసం వెళ్ళినవి.

సో, లాగ్స్ చూస్తే కనబడేది ఇది. భూమి ఇచ్చింది యుద్ధం. కాపలా ఇచ్చింది యుద్ధంలో అటూ ఇటూ గోడ మీద కూర్చున్న దళం. కరెంటు, డీజిల్, సిగ్నల్ ఇచ్చింది మాత్రం యుద్ధం లేని దేశాలూ, కంపెనీలూ. డబ్బు కదిలేది టెథర్ లో, ఏ సరిహద్దూ లేకుండా. ఇంత పెద్ద సిస్టం లో మనకి దొరికిన ఏకైక బగ్ ఏంటంటే... కుర్రాడి అత్యాశ.

సరే, మనుషుల్ని ఇచ్చింది ఎవరు? ఇక్కడ మనం తల ఎత్తుకోలేం.

బర్మాకి మనుషుల్ని ఎగుమతి చెయ్యడం తెలుగు నేలకి కొత్త కాదు. ఉమ్మడి తూర్పు గోదావరిలో కోరంగి రేవు గుర్తుంది కదా, బర్మాలో తెలుగు కూలీల్ని "కోరంగీలు" అనేవాళ్ళు ఆ పేరు మీదే. వాళ్ళని తీసుకెళ్ళేది మేస్త్రీలు. ఊళ్ళో అప్పు ఉన్నవాడిని చూసుకుని ముందు అడ్వాన్సు ఇస్తాడు, టికెట్ కొంటాడు, రంగూన్ రేవులోనో బియ్యం మిల్లులోనో పనికి పెడతాడు, కూలి తన చేతి మీదుగా ఇస్తాడు. అప్పు తీరేదాకా వాడు మేస్త్రీ మనిషి. 1930 మే లో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీల్ని తెచ్చి, తరవాత గొడవల్లో మన వాళ్ళని ఊచకోత కోసారు. 1942 లో జపాన్ బాంబులకి లక్షల మంది భారతీయులు కొండలు దాటి నడిచొచ్చారు, దారిలో వేల మంది పోయారు. 1962 తరవాత మళ్ళీ తరిమితే వచ్చిన వాళ్ళున్నారు. విశాఖలో బర్మా క్యాంప్ అనే పేరు ఊరికే రాలేదు.

ఇప్పుడు మేస్త్రీ పేరు కన్సల్టెన్సీ. టెలిగ్రామ్ లో ప్రకటన: చాట్ సపోర్ట్, డేటా ఎంట్రీ, బ్యాంకాక్, నెలకి వెయ్యి డాలర్లు, భోజనం వసతి ఫ్రీ. వీడియో కాల్ లో ఇంటర్వ్యూ ఉంటుంది, ఇంగ్లీషు చూస్తారు, టైపింగ్ స్పీడ్ చూస్తారు. అంటే మోసగాళ్ళు మన కుర్రాణ్ణి చాలా మన కంపెనీల కంటే శ్రద్ధగా ఇంటర్వ్యూ చేస్తారు. థాయిలాండ్ మన వాళ్ళకి వీసా మినహాయింపు 2023 నవంబర్ లో మొదలెట్టాక టికెట్ కొంటే చాలనే పరిస్థితి వచ్చింది. ఎయిర్‌పోర్ట్ లో కారు, ఏడెనిమిది గంటల ప్రయాణం. ఆఫీసు బ్యాంకాక్ లో కదా, ఇంతసేపేంటి అని అడిగేలోపు మే సోట్ దాటి ఏటి ఒడ్డు, పడవ. అవతల పాస్‌పోర్ట్ లాగేసుకుంటారు. ఇల్లు చేరాలంటే మీద పెట్టిన ఖర్చు వేల డాలర్లు కట్టమంటారు. కట్టలేకపోతే పని. పదహారు గంటల షిఫ్టు, అందమైన అమ్మాయి ఫోటోతో ప్రొఫైలు, ఎవడితో ఏ రోజు ఏం మాట్లాడాలో స్క్రిప్టు, టీమ్ లీడు, రోజువారీ టార్గెట్. టార్గెట్ తప్పితే మన దగ్గర రేటింగ్ తగ్గుతుంది, అక్కడ కరెంటు షాక్. మరీ పనికిరాకపోతే పక్క కంపెనీకి అమ్మేస్తారు.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించి, బ్యాక్‌డోర్ అని లక్షలు కట్టించుకుని, "ముందు చేరు తరవాత చూద్దాం" అనే కన్సల్టెన్సీ సంస్కృతిని అమీర్‌పేట సందుల్లో పెంచి పోషించింది మనమే కదండీ. మనలో ఎంతమంది మొదటి ఉద్యోగం ఆ దారిన రాలేదో చెయ్యెత్తండి. ఆఫర్ లెటర్ లో కంపెనీ పేరొకటి, జీతం వేసే కంపెనీ ఇంకొకటి, పనిచేసే చోటు మూడోది. ఇది మనకి మామూలు. అలా అలవాటైన కుర్రాడికి "కారు ఎక్కు, ఆఫీసు ఊరి బయట" అంటే అనుమానం ఎలా వస్తుంది? 2024 మే లో విశాఖ పోలీసులు కంబోడియాకి ఇలాగే పంపిస్తున్న ఏజెంట్లని పట్టుకున్నప్పుడు మనం తెల్లబోయాం. తెల్లబోవడం దేనికి?

ఇంకో విషయం చాలామందికి తెలీదు. మన 1983 వలస చట్టం ప్రకారం పదో తరగతి పాస్ అవ్వనివాడు ఉద్యోగానికి ఫలానా 18 దేశాలకి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ 18 లో థాయిలాండ్ ఉంది. పది పాసయితే అక్కర్లేదు. చదువుకున్నవాడు తన సంగతి తను చూసుకోగలడు అని లెక్క. అనుమతి పొందిన ఏజెంటు తీసుకోగల ఫీజు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. కానీ డిగ్రీ ఉన్నవాడు టూరిస్టుగా విమానం ఎక్కితే ఆ చట్టానికి వాడు కనబడడు. గల్ఫ్ కి పోయే మేస్త్రీ కొడుకుని కాపాడ్డానికి రాసిన చట్టం అది, అదైనా సగమే పనిచేస్తుందనుకోండి. ఇప్పుడు దొంగలకి కావలసింది ఇంగ్లీషు, టైపింగ్, కంప్యూటర్ వచ్చిన వాడు. చట్టం ఎవర్ని వదిలేసిందో సరిగ్గా వాడే. డిగ్రీ వాడికి రక్షణ కాదు, వాడి రేటు. మన ఎంపీలు ఎవరైనా దీని గురించి గట్టిగా అడగ్గా నేను వినలేదు.

ఇంక ఆ మూడోవాడి మాట. "జనాల్ని ముంచారుగా." ఇది తేలిగ్గా తీసెయ్యాల్సిన మాట కాదు. అవతల మోసపోయినవాళ్ళు నిజం మనుషులు. రిటైర్మెంట్ డబ్బు పోగొట్టుకున్న వాళ్ళు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళు ఉన్నారు, మన దేశంలోనూ ఉన్నారు. వచ్చినవాళ్ళలో తెలిసే వెళ్ళినవాళ్ళు, కమీషన్ కి ఇంకొకర్ని పిలిపించినవాళ్ళు కొందరుంటారు. వాళ్ళని పట్టుకోండి, విచారించండి, ఎవరొద్దన్నారు? కానీ మన చట్టమే, పాత ఐపీసీ 370 లోనూ కొత్త న్యాయ సంహిత 143 లోనూ, ఒక మాట స్పష్టంగా అంటుంది: మనుషుల అక్రమ రవాణాలో బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అనేది లెక్కలోకి రాదు. "ఇష్టపడే వెళ్ళాడు" అనేది వాదనే కాదన్నమాట. ఇష్టపడి విమానం ఎక్కాడు, ఇష్టపడి షాక్ తినలేదు. తుపాకీ ముందు టైపు చేసినవాడినీ, తుపాకీ పట్టుకున్నవాడినీ ఒకే గాటన కట్టడం బద్ధకం. టీవీ చానెల్ వాడు చేస్తే సరే అనుకోవచ్చు, రోజూ యాక్సెస్ కంట్రోల్ రాసే మనం కూడానా?

మే సోట్ లో ఈ తేడా పట్టుకోవడం ఇంకా కష్టం. 2024 ఫిబ్రవరిలో బర్మా సైన్యం నిర్బంధ సైనిక సేవ అమలు చేస్తామని ప్రకటించింది. 18 నుంచి 35 ఏళ్ళ మగవాళ్ళు, 18 నుంచి 27 ఏళ్ళ ఆడవాళ్ళు. అంటే మన ఫ్రెషర్ బ్యాచ్ మొత్తం. ఆ వయసు బర్మా కుర్రాడికి ముందున్న దారులు ఇవి: సైన్యంలో చేరి సొంత జనాన్ని కాల్చడం, అడవిలో తిరుగుబాటులో చేరడం, నది దాటి మే సోట్ లో కాయితాల్లేని కూలీ అవ్వడం, లేదా కాంపౌండ్ లో వంటో కాపలానో. నాలుగోది ఎంచుకున్నవాణ్ణి నేరస్తుడు అనేముందు మిగతా మూడింట్లో మనం ఏది ఎంచుకునేవాళ్ళమో చెప్పాలి.

అంతలో 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసింది. శిబిరాల్లో ఆ డబ్బుతో నడిచే ఆస్పత్రులు మూతపడ్డాయి. నలభై ఏళ్ళు శిబిరం దాటి పనికెళ్ళకూడదన్న థాయ్ ప్రభుత్వం, అదే ఏడాది ఆగస్టులో శరణార్థులు చట్టబద్ధంగా పనిచేసుకోవచ్చని నిర్ణయం తీసుకుంది. మంచి నిర్ణయమే. కంబోడియాతో గొడవ పడి ఆ దేశం కూలీలు వెళ్ళిపోవడం, పనివాళ్ళు కరువవడం కూడా కారణం అని వేరే చెప్పక్కర్లేదు. అక్కడ మనిషి విలువ ఎప్పుడూ పక్క దేశం పరిస్థితిని బట్టే.

విమానాల్లో తెచ్చినందుకు ప్రభుత్వానికి దణ్ణం పెడతాను, అది నిజంగా మంచి పని. కానీ విమానం ఖర్చులో పదో వంతు పెడితే బ్యాంకాక్ ఎయిర్‌పోర్ట్ లో ఒక తెలుగు మాట్లాడే మనిషిని కూర్చోబెట్టొచ్చు. జిల్లాల్లో అనుమతి లేని ఏజెంట్ల జాబితా తీసి గోడల మీద అంటించొచ్చు. పది పాసయినవాడికి ఏ తనిఖీ అక్కర్లేదనే నిబంధన కనీసం ఈ నాలుగు దేశాలకైనా మార్చొచ్చు: థాయిలాండ్, లావోస్, కంబోడియా, బర్మా. తిరిగొచ్చిన వాళ్ళ రెజ్యూమెలో ఎనిమిది నెలల గ్యాప్ చూసి మన హెచ్ఆర్ లు నొసలు చిట్లించడం మానొచ్చు. అది మన చేతిలో పనే, ఏ మంత్రినీ అడగక్కర్లేదు.

ఈ లోపు మీ జూనియరో, బాబాయి కొడుకో బ్యాంకాక్ ఆఫర్ వచ్చిందని ఫోన్ చేస్తే అత్యాశ మీద ప్రవచనం చెప్పకండి. ఆఫీసు అడ్రస్ అడగమనండి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి ఈ-మైగ్రేట్ సైట్ లో ఉందో లేదో చూడమనండి. "ఎయిర్‌పోర్ట్ లో మా మనిషి ఉంటాడు, వాడే తీసుకెళ్తాడు" అనే జవాబొస్తే మ్యాప్ తెరిచి మే సోట్ ఎక్కడుందో, దాని పక్కన నది ఎంత సన్నగా ఉందో చూపించండి.